చీకటి శీతకాలమున ఒక పండుగపాట

పండుగనాడు వినవచ్చు పాటకు పుట్టుపూర్వోత్తరము లడుగువారు అరుదు. సంక్రాంతికి గొబ్బిపాటను కట్టిన దెవరని మన మడుగుదుమా? పాట పండుగలో కలిసిపోయిన పిదప కర్త మరుగుపడును. ఇంగ్లండులో అర్ధశతాబ్దికి పైగా ప్రతి డిసెంబరునందును వినిపించుచున్న ‘మెర్రీ ఎక్స్‌మస్ ఎవ్రిబడీ’ యను క్రిస్మసు పాట అట్టిదే. స్లేడ్ అను బృందము దానిని 1973లో పాడెను. ఆ పాట యందలి సంతోషము ఎట్టి కష్టముల నడుమ పుట్టినదో నేడు ముచ్చటింపదలచితిమి.

1970వ దశాబ్ది తొలి యేండ్లలో బ్రిటనునందు ‘గ్లామ్ రాక్’ అను బాణీ ప్రబలెను. తళుకుబట్టలు, ఎత్తుమడమల బూట్లు, ముఖమున మెరుగుపొడి: ఆ వేషములను చూచినచో మన వీధిభాగవతుల కిరీటములు, భుజకీర్తులు జ్ఞప్తికి వచ్చును. సంగీతము మాత్రము సరళము. గట్టి తాళము, ఎల్లరును గొంతు కలుపదగిన పల్లవి, అంతియే. స్లేడ్ వారు నలుగురును వుల్వర్‌హాంప్టన్ పరిసరములందలి కర్మాగారముల సీమలో పెరిగినవారు. అద్దములు పొదిగిన టోపీ ధరించి పాడువాడు నోడీ హోల్డర్. గిటారు డేవ్ హిల్. బాసు గిటారు జిమ్ లీ. డ్రమ్ములు డాన్ పవెల్. వీరికి మార్గదర్శి చాస్ చాండ్లర్. జిమీ హెండ్రిక్సును ఇంగ్లండునకు తోడ్కొని వచ్చిన వా డితడే.

1973 వేసవిలో వీరి కీర్తి శిఖరమున నుండగా జూలై 4వ తేదీన ఘోరమైన కారు ప్రమాదము జరిగెను. పవెల్‌తో నున్న యువతి మరణించెను. ఆయన కొన్నిదినములు స్పృహలేక యుండి బ్రదికెను గాని, జ్ఞాపకశక్తి చెదరిపోయెను. రుచియు వాసనయు తెలియకపోయెను. పాతసంగతులు తోచును, నిన్నటి మాట నేడు తోచదు. డ్రమ్ములు వాయించువానికి ఇంతకు మించిన ఆపద యేమి కలదు?

క్రిస్మసునకు ఒక పాట కట్టరాదా యని జిమ్ లీని ఆయన అత్తగారు ప్రోత్సహించిరట. ఆయన చరణముల వరుస కూర్చెను. హోల్డర్ 1967లో వ్రాసి పారవైచిన యొక పాటలోని వరుసను తెచ్చి దానికి పల్లవిగా అతికిరి. పిదప హోల్డర్ వాల్సాల్‌లో తలిదండ్రుల ఇంట కూర్చుండి ఒక్క రాత్రిలో మాటలు వ్రాసెను. 1972లోనే గనికార్మికుల సమ్మెవలన దీపములారిన అనుభవము ఆ దేశమునకు కలదు. అందుచే మంచు, గంటలు మాత్రమే గాక సామాన్యుని ఇంట పండుగ సందడిని, రేపటిపై ఆశను పాటలో పెట్టవలెనని ఆయన తలచెను.

రికార్డింగు జరిగినది న్యూయార్కులో, మండుటెండల కాలమున. పవెల్ పాటను ఆద్యంతము గుర్తుంచుకొనజాలడు. కావున ముక్కముక్కగా వాయింపవలసి వచ్చెను. పల్లవిని ప్రతిధ్వని కొరకు స్టూడియో వెలుపలి నడవలో నిలిచి పాడిరి. ఆ వేడిలో క్రిస్మసు పాట పాడు వీరిని చూచి దారిన పోవువారు విస్తుపోయిరట. ఇందు హార్మోనియము కూడ వినవచ్చును. మన ఆకాశవాణి 1940లో బహిష్కరించి 1971 వరకు దరిజేరనీయని ఆ వాద్యమునకు, అచ్చట అట్టి చిక్కు లేకుండెను!

ఆ యేటి నవంబరునాటికి బ్రిటనులో ఇంధనపు కొరత ముదిరెను. చమురు ధర పెరిగెను. గనికార్మికులు అదనపుపని మానిరి. ప్రభుత్వము అత్యవసర పరిస్థితి ప్రకటించెను. డిసెంబరు 17 నుండి టెలివిజను రాత్రి 10:30కే మూయవలెనని ఆజ్ఞ వచ్చెను. 1974 జనవరి 1 నుండి పరిశ్రమలకు వారమునకు మూడుదినములే విద్యుత్తు.

అట్టి సమయమున, డిసెంబరు 7న, పాట విడుదలయ్యెను. ఆ కాలమున అచ్చట వారము వారము రికార్డుల అమ్మకము ననుసరించి పట్టిక కట్టుచుండిరి. అది గుణమునకు కొలత కాదు, గిరాకీకి కొలత. నాడు సాధారణముగా పాట మెల్లమెల్లగా మెట్లెక్కుచుండెను. ఈ పాట వచ్చుటయే మొదటి స్థానమునకు వచ్చెను. ఆ యొక్క సంవత్సరముననే స్లేడ్ వారికి ఇట్టి గౌరవము ఇది మూడవసారి. పోటీగా వచ్చిన విజార్డ్ బృందపు క్రిస్మసు పాట నాలుగవ స్థానముకంటె పైకి పోలేదు. పండుగ గడచిన పిదప కూడ జనవరి నడిమి వరకు, మొత్తము ఐదువారములు, స్లేడ్ పాట అగ్రస్థానమున నిలిచెను. పది లక్షలకు మించి ప్రతులు అమ్ముడైనవి.

స్లేడ్ వారికి అగ్రస్థానము మరల దక్కలేదు. పాట మాత్రము ఆగలేదు. ఇంటర్‌నెట్టు ద్వారా అమ్మకములు లెక్కకు వచ్చిన పిదప, 2007 మొదలుకొని ఏటేట డిసెంబరులో పట్టికలోనికి తిరిగి వచ్చుచున్నది.

పాట గొప్పదా, కాదా యని సంగీతజ్ఞులు తర్కింపవచ్చును. మా కంతటి శక్తి లేదు. కాని దీపములు పొదుపు చేసికొనుచు చలిలో కూర్చున్న ఇండ్లకు నెలల ముందుగానే ఎవరో వెలుగు కట్టి పంపినట్లు అది చేరెను. శ్రోత లీసారి దానిని విన్నప్పుడు, తాళమును కూడ కొంచెము చెవియొగ్గి వినవలెనని మా మనవి. నిన్నటి దినము గుర్తులేని యొక మనుజుడు, సహచరులు గుర్తు చేయుచుండగా, ముక్కముక్కగా నిలబెట్టిన తాళ మది.