చిన్న గాటు – పెద్ద జాగ్రత్త
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయినా ఈ విషయం మాట్లాడతానని కార్యదర్శిగారిని అడిగి మరీ నిలబడ్డాను. మా ఆవిడ అనుమతి కూడా తీసుకున్నాను. "చెప్పండి, ఇంకో ఇంట్లో ఆలస్యం జరక్కుండా ఉంటుంది" అన్నది.

కొన్నేళ్ల క్రితం ఆమెకు లాప్రోస్కోపీ పద్ధతిలో గర్భసంచి తీశారు. మూడో రోజున ఇంటికి పంపారు. పొట్ట మీద చూస్తే నాలుగు చిన్న ప్లాస్టర్లు, అంతే. "ముల్లు తీసినంత పని" అని బంధువులతో గొప్పగా చెప్పాను. మర్నాడు నొప్పి ఎక్కువైంది. పొట్ట ఉబ్బింది. రాత్రికి జ్వరం వచ్చింది. "గ్యాసు నింపారు కదా, అదే" అని వాము నీళ్లు ఇచ్చాను. అలా ఒకటిన్నర రోజు గడిచింది. ఆస్పత్రికి చేరేసరికి ప్రేగుకు చిల్లు పడిందన్నారు. మళ్లీ పొట్ట కోశారు. దేవుడి దయవల్ల బతికింది. ఆ ఒకటిన్నర రోజు మాత్రం నా లెక్కలోనే ఉన్నది.

తర్వాత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మనవి చేస్తాను.

ఈ ఆపరేషన్లో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, బొడ్డు దగ్గర రంధ్రం చేసి కెమెరా పంపుతారు. నొప్పి తక్కువ, త్వరగా కోలుకుంటారు. మంచి పద్ధతే, సందేహం లేదు. కానీ బయట గాటు చిన్నదైనా లోపల పని పెద్దది. ప్రేగు, మూత్రాశయం, మూత్రనాళం, రక్తనాళాలు పక్కపక్కనే ఉంటాయి. కేవలం పరీక్ష కోసం చేసే లాప్రోస్కోపీలోనే వెయ్యికి సుమారు ఇద్దరికి తీవ్రమైన ఇబ్బంది రావచ్చని బ్రిటన్‌లోని స్త్రీవైద్యుల రాయల్ కాలేజీ చెబుతున్నది. ప్రేగు గాయాల్లో నూటికి 15 వరకు ఆపరేషన్ సమయంలో బయటపడకపోవచ్చునట. వేడి పరికరం తగిలిన చోట చిల్లు కొన్ని రోజుల తర్వాత కూడా పడవచ్చు.

శుభ్రత మాటా మరువరాదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఈ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు మరణించారు.

కనుక ఆపరేషన్‌కు ముందే అడగండి: ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? అవసరమైతే పొట్ట కోసి చేసే ఏర్పాటు ఉన్నదా? రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలి? పూర్వం సిజేరియన్ వంటి ఆపరేషన్లు జరిగి ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా దాచకుండా చెప్పండి. మధ్యలో పొట్ట కోయవలసి వస్తే దాన్ని డాక్టరు ఓటమిగా భావించకండి. అది రోగి క్షేమం కోసమే.

ఇంటికి వచ్చాక ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: నొప్పి రోజురోజుకూ తగ్గాలి. గ్యాసువల్ల భుజం నొప్పి వస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది. కానీ పొట్ట నొప్పి పెరిగినా, జ్వరం, వాంతులు, ఉబ్బరం వచ్చినా, మూత్రం రాకపోయినా, కింది నుంచి నీళ్లలా కారినా, ఎక్కువ రక్తస్రావమైనా తెల్లవారేదాకా ఆగకండి. మన ఆడవాళ్లు ఓర్చుకుంటారు, చెప్పరు. మనమే అడగాలి.

ఫైలు ఆలస్యమైతే మళ్లీ కదిలించవచ్చు. ఇది అలాంటిది కాదు.