రొట్టెకు బదులేమి?

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు మాటలాడిన పిమ్మట రొట్టెను గూర్చి మాటలాడుట కొందఱికి చిన్నతనముగా దోపవచ్చును. అయినను కార్యనిర్వాహకవర్గమువారు నాకొసగిన విషయమిదియే. దేహభారమును తగ్గించుకొనగోరువారు రొట్టెకు బదులుగా నేమి తిన్నచో కడుపు నిండును, భారమును తగ్గును? వైద్యుడు “రొట్టెలు తగ్గింపు”డని చెప్పి పంపును. ఏమి పెట్టి తగ్గింపవలయునో చెప్పుటకు ఆయనకు తీఱిక యుండదు. ఇంటికి వచ్చినవాడు నాలుగు దినములు పస్తుండి, అయిదవనాడు రెండింతలు తినును. మన యిండ్లలో జరుగుచున్న కథ యిది.

మన పూర్వులకీ ప్రశ్న పుట్టలేదు. నేడు మూడు జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములందు మెట్టసేద్యమే ప్రధానమై యుండెను. జొన్నరొట్టె, సజ్జరొట్టె, గటక, తైదంబలి నిత్యాహారములు. వరియన్నము పండుగనాటి వంట. పల్నాటి జొన్నకూటికి శ్రీనాథుడు విసిగి చాటువులు చెప్పెనందురు గాని, మనవారికి విసుగుకొనుటకు తీఱిక యెక్కడిది? కోడికూతకు నాగలి పట్టినవాడు ప్రొద్దువాలువఱకు మట్టితో పెనగులాడెను. దేశమందలి యెన్నో ఆనకట్టలకును, కాలువలకును తట్టలెత్తి “పాలమూరు కూలీ”యని పేరొందినవారు మన ప్రాంతమువారే. అట్టి దేహమునకు నాలుగైదు రొట్టెలు ఏ మూలకు?

ఆ మీదట కాలము మాఱినది. కృష్ణపై జూరాల వచ్చినది. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చినవి. నీరు పాఱినచోట జొన్న తొలగి వరి నిలిచినది. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. 2025 నుండి తెలంగాణమందలి చౌకధరల దుకాణములలో సన్నబియ్యమే యిచ్చుచున్నారు. దీనిని నిందించుటకు నేను రాలేదు. ఆకలి నెఱిగినవాడెవ్వడును ఆకలి తీఱుటను తక్కువ సేయడు. నేను చెప్పవచ్చినది వేఱు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, ఎడ్లబండి పోయి మోటారుసైకిలు వచ్చినది. మనుమడు హైదరాబాదులో కుర్చీలో కూర్చుండి పని చేయుచున్నాడు. కంచములోని రొట్టెలు మాత్రము తాతగారి లెక్కనే వచ్చుచున్నవి.

ఆహారములోని శక్తిని కేలరీలలో కొలుతురు. భారతీయ వైద్యపరిశోధనా మండలి 2020 లో ప్రకటించిన లెక్కప్రకారము, 65 కిలోల పురుషుడు కష్టమైన కాయపుపని చేయువాడైనచో దినమునకు 3470 కేలరీలు కావలయును. కూర్చుండి పని చేయువాడైనచో 2110 చాలును. భేదము 1360. మన యింటి పెద్ద జొన్నరొట్టె యొకటి 70 గ్రాముల పిండితో చేసినదనుకొందము. 100 గ్రాముల జొన్నలలో 334 కేలరీలు గలవు గనుక ఆ రొట్టెకు సుమారు 235 వచ్చును. అనగా తాతగారికిని మనుమనికిని నడుమ భేదము దినమునకు దాదాపు ఆఱు రొట్టెలు! ఈ యాఱును ఖర్చుగాక మిగిలిన దినమున నడుము చుట్టును చేరును.

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు తెలంగాణ స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది అధికభారము గలవారని తేలినది. మనవంటి దేశీయులకు నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో అపాయసూచనయని వైద్యులందురు. మధుమేహము, రక్తపుపోటు, పిదప మూత్రపిండముల వ్యాధి: ఈ వరుసలో నష్టపడిన కుటుంబములు ఈ సభలో ఎన్నియో చేతులెత్తి చెప్పనక్కఱలేదు. విద్యానిధికి వ్రాయవలసిన చందా ఆసుపత్రికి పోవుచున్నది.

ఇక బదులేమి? నేడు ప్రతి నోటను వినవచ్చు సమాధానము “చిరుధాన్యములు”. ఐక్యరాజ్యసమితి 2023 ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది మొదలు, సంచి చిన్నదియు వెల పెద్దదియుగా అంగళ్లలో వీనిని విక్రయించుచున్నారు. వానియందు గౌరవము నాకును గలదు. కాని భారము తగ్గించు విషయమున జనులు పొరపడుచున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 లో వెలువరించిన పట్టికలను చూడుడు. 100 గ్రాములకు తెల్లబియ్యము 356 కేలరీలు, జొన్న 334, సజ్జ 348, తైదలు 321, గోధుమపిండి 320. 70 గ్రాముల చొప్పున లెక్కించినచో, బియ్యమును విడిచి జొన్న తిన్నవానికి తగ్గినవి 15 కేలరీలు మాత్రమే. అది చిన్నచెంచా నూనెలో మూడవవంతు. ఆ కాస్తయు తాలింపులోనే తిరిగి వచ్చును. పీచు మాత్రము బియ్యములో 3 గ్రాములకు లోపు, జొన్నలో 10 గ్రాములు. అందుచేత జొన్న మేలే. కాని “చిరుధాన్యమే గదా”యని నాలుగు రొట్టెలు తిన్నవాని భారమును ఏ ధాన్యమును తగ్గింపజాలదు.

మఱికొందఱు పట్టణపు అలవాటున రాత్రి రొట్టెను మాని డబల్ రొట్టె ముక్కలను పాలలో ముంచుకొని తినుచున్నారు. రోగులకిచ్చునది గనుక తేలికయని భావము. మూడు ముక్కలు మన పెద్ద రొట్టె యొక్కదానికి శక్తిలో ఇంచుమించు సమానమే. నమలకుండగనే దిగిపోవును, గంటలో మఱల ఆకలి. గోధుమరంగుది కొనువారు పొట్లముపై వ్రాసిన పదార్థములను చదువుడు. మొదట మైదా యున్నచో రంగు చూచి మోసపోకుడు.

ధాన్యమును మార్చుటలో గాక, దానిలో చేరు నీటిలోను, ప్రక్కన చేరు కూరలోను ఈ ప్రశ్నకు సమాధానము గలదు. కడుపు కేలరీలను లెక్కింపదు. పరిమాణమును, బరువును, నమలిన పనిని ఎఱుగును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమందు 1995 లో సుసన్నా హోల్ట్ అను విదుషి, సమానమైన కేలరీలు గల 38 ఆహారములను మనుష్యులకు పెట్టి, ఏది ఎంతసేపు కడుపు నిండుగా నుంచునో పరీక్షించెను. తెల్ల డబల్ రొట్టెను 100 అని పెట్టుకొనగా ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చెను! మనవారు భారమునకు భయపడి మొదట మానునది ఆ దుంపనే. తప్పు దుంపది కాదు, దానిని వేయించిన నూనెది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమందు బార్బరా రోల్స్ మొదలగువారు 2007 లో మఱియొక పరీక్ష చేసిరి. భోజనమునకు ముందు కూరగాయల చారు త్రాగినవారు, ఆ చారులోని శక్తిని గూడ కలిపి లెక్కించినను, ఆ పూట నూటికి 20 వంతులు తక్కువ తినిరి.

ఇది విని మనము కొత్త వంటలకు పరుగెత్త నక్కఱలేదు. పాశ్చాత్యులు గోబిపూవును తురిమి అన్నమని పిలుచుకొని తినుచున్నారట. తినువారిని వారింపను గాని, పచ్చిపులుసును, గటకను ఇంట నుంచుకొని మన మా పని చేయనేల?

గటక మాట చూడుడు. జొన్నపిండిని రొట్టెగా కాల్చునప్పుడు నీరు పెనముమీద ఆవిరియై పోవును; శక్తి యంతయు చిన్న వస్తువులో కుదించుకొని నిలుచును. అదే జొన్నను రవ్వగా విసరి నాలుగింతల నీటిలో ఉడికించినచో నీరు లోపలనే యుండును. 50 గ్రాముల రవ్వకు గిన్నెడు గటక యగును. అందులో 167 కేలరీలే. పలుచని మజ్జిగయు, ఉల్లిగడ్డయు చేర్చుకొన్నచో అది యొక పూటకు ఆధారము. రవ్వ బరకగా నుండవలెను. మెత్తని పిండితో కాచిన అంబలి వేసవికి హితమే గాని త్రాగినంత వేగముగా జారిపోవును. తైదంబలికిని ఇదియే మాట. అందు బెల్లము వేయు అలవాటు పిల్లలకు విడిచిపెట్టుడు.

గుడాలు రెండవవి. ఉలవలు, పెసలు, బొబ్బర్లు, అనుములు నానబెట్టి ఉడికించినవి. ఎండుగింజల లెక్కన వీనియందలి శక్తి ధాన్యముతో సమానమే. కాని మాంసకృత్తులు బియ్యములో 8 గ్రాములకు లోపుండగా, ఉలవలలో 20 గ్రాములకు పైగా గలవు. నమలవలసిన పనియు హెచ్చు. రాత్రి రెండు రొట్టెలలో నొకదానిని మాని చిన్నగిన్నెడు ఉలవ గుడాలు తిన్నవాడు నడిరేయి లేచి డబ్బాలు వెదకడు. 40 గ్రాముల పెసలతో పలుచగా పోసిన అట్టు, గ్రుడ్డు తినువారికి ఉడికించిన గ్రుడ్డు ఈ కోవకే చెందును.

కూరగాయల మాటకు వచ్చుచున్నాను. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయలలో 100 గ్రాములకు కేలరీలు ఇరువదికి మించవు. తోటకూర, పుంటికూర మొదలగు ఆకుకూరలును తక్కువవే. అనగా అరకిలో సొరకాయ తిన్నను సగము రొట్టె కాదు. ఒక పూట లెక్క చెప్పెదను. మూడు రొట్టెలు 700, ముప్పది గ్రాముల పల్లీల తొక్కు 155, కూరలోని రెండు చెంచాల నూనె 90, మొత్తము 945. దీనికి బదులుగా ఒక్క రొట్టె 235, ముప్పది గ్రాముల పెసరపప్పుతో వండిన 300 గ్రాముల సొరకాయ 150, చెంచా నూనె 45, పచ్చిపులుసు, పలుచని మజ్జిగ కలిసి 50, మొత్తము 480. కంచము మొదటిదానికంటె నిండుగా నున్నది, శక్తి సగమైనది. పచ్చిపులుసు మొదట త్రాగుడు, కూర సగము తినుడు, ఆ పిమ్మట రొట్టె త్రుంచుడు. మనవారు రొట్టెను తినుటకు కూరను వాడుదురు. కూరను తినుటకు రొట్టెను వాడుడని నా మనవి.

పల్లీలను గూర్చి ఒక మాట. వనపర్తి, నాగరుకర్నూలు నేలలు పల్లీకి పేరుపడ్డవి. మన కుటుంబములు ఆ పంటతో నిలిచినవి. ఆ పంటను దూషించి ఈ ఊర తిరుగలేను. కాని 100 గ్రాములలో 520 కేలరీలు గలవు. చిటికెడు మంచిది, గుప్పెడు చాలును, దోసిలి మాత్రము రొట్టెకంటె బరువు.

సోదరీమణుల విషయము కొంత కఠినముగా చెప్పవలసియున్నది. మన యిండ్లలో మగవారును పిల్లలును తిన్నపిదప ఆడువారు కూర్చుందురు. అప్పటికి కూరగిన్నె అడుగంటును, పప్పు నీళ్లగును. మిగిలియుండునది అన్నమును, రొట్టెయు, ఊరగాయయు. పాఱవేయుటకు మనసొప్పక పిల్లలు విడిచినదానిని గూడ తినుదురు. అందుచేతనే ఒకే దేహమున స్థూలత్వమును, రక్తహీనతయు రెండును గనబడుచున్నవి. పైన చెప్పిన సర్వేయే తెలంగాణ స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనలని తెలిపినది. కోడలిని “లావైనా”వని యెత్తిపొడుచు అత్తగారు ఆమె కంచములో ఏమి మిగిలినదో చూచియుండరు. కూరను రెండింతలు వండి, ఆమె వంతును ముందే తీసి యుంచినచో సగము వైద్యమైనట్లే. అందఱును ఒక్క పంక్తిని కూర్చున్నచో మఱియు మంచిది. దీనికి సంఘతీర్మానము కావలయునో, ఇంటి పెద్దల సిగ్గు చాలునో మీరే నిర్ణయింపుడు.

కొన్ని జాగ్రత్తలు. మధుమేహమునకు ఇన్సులిను గాని, చక్కెరను దింపు మాత్రలు గాని తీసికొనువారు తమంతట తాము రొట్టెలు తగ్గించినచో రక్తములో చక్కెర మితిమీఱి పడిపోయి స్మృతి తప్పవచ్చును. మందు మోతాదును వైద్యునితో సరిచూచుకొన్న పిమ్మటనే మొదలుపెట్టుడు. మూత్రపిండముల వ్యాధి గలవారు పప్పులను, గుడాలను అడిగి తినవలెను. గర్భిణులును, ఎదుగు పిల్లలును ఈ లెక్కల జోలికి పోరాదు. నేటికిని పొలములో కాయకష్టము చేయు సోదరులకును నా మాట వర్తింపదు. వారి రొట్టెలు వారు చెమటతో సంపాదించుకొన్నవి. తక్కినవారు దినమునకు 300 మొదలు 500 కేలరీలు తగ్గించినచో చాలును. నెలలో పదికిలోలు దింపెదమను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనకుడు.

మన వసతిగృహమునందు వంటవారు ప్రాతఃకాలమున పూరీలు, మధ్యాహ్నము అన్నము, రాత్రి మఱల అన్నము పెట్టుచున్నారు. విద్యార్థులు రేయింబవళ్లు కూర్చుండి చదువువారు. వారమునకు మూడు రాత్రులు గటక గాని, కూరగాయలు హెచ్చుగా వేసిన పప్పుతో ఒక్క రొట్టె గాని పెట్టి, సాయంకాలము బజ్జీలకు బదులు గుడాలు ఇప్పించిన మేలని వసతిగృహ ఉపసంఘమువారిని కోరుచున్నాను. ఖర్చు పెరుగదు. కూరగాయలకు పెరిగినది నూనెలోను, బియ్యములోను తగ్గును.

నేటి మధ్యాహ్న భోజనములో తీపి రెండు రకములు గలవని వినుచున్నాను. పోషకుల ఔదార్యమును కాదనుటకు నేనెవ్వడను? అయితే ఆహ్వానసంఘ కార్యదర్శిగారు నా ప్రార్థన మన్నించి, పందిరికి తూర్పువైపున ఒక పంక్తికి పచ్చిపులుసు, జొన్నగటక, సొరకాయపప్పు, ఉలవ గుడాలు వండించినారు. ఆకు ముందుగా కూరతో నిండును, రొట్టె యొక్కటియే వచ్చును. ఆ పంక్తిలో నలువది యాకులు మాత్రమే గలవు. కొలతనాడయు అచ్చటనే యున్నది.