'సాయం' అనే పేరుతో

(చర్లపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు వెల్డింగ్ రాదు. మొదటిసారి హోల్డర్ పట్టుకుంటే రాడ్డు ఇనుముకే అతుక్కుపోయింది. పక్కనున్నామె నవ్వి, ఒక్క విదిలింపుతో దాన్ని ఊడబీకింది. ఇవాళ ఆమె గురించే మాట్లాడతాను. పేరు చెప్పవద్దంది, చెప్పను.

చర్లపల్లి, నాచారం పారిశ్రామికవాడల చుట్టుపక్కల గేట్లు, గ్రిల్స్ చేసే రేకుల షెడ్లలో ఆడవాళ్లు లేరనుకుంటాం. ఈమె ఉంది. యాంగిల్ ముక్క కదలకుండా పట్టుకోవడం, అతుకు మీది పెంకు రాలగొట్టడం, గ్రైండర్ పట్టడం, రెడాక్సైడ్ పూయడం పదకొండేళ్లు ఆమే చేసింది. దాన్ని భర్త 'సాయం' అన్నాడు. ఆమే 'సాయం' అంది. నా నోటుపుస్తకంలో నేనూ మొదట 'భర్తకు సహాయం' అనే రాసుకున్నాను, సోషియాలజీలో డాక్టరేట్ ఉండి కూడా! సాయానికి కూలి ఉండదు కదా.

షెడ్డు కప్పు మీంచి పడి భర్త నడుము దెబ్బతిన్నాక ఆమె హోల్డర్ అందుకుంది. షాపుకి అడ్వాన్సు, అద్దె కట్టలేక, పిలిచిన చోటికి వెళ్లి చేసే పని ఎంచుకుంది.

వెనకటి ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఎత్తడానికి ఇద్దరు కావాలి. 'ఆ బరువు ఆడవాళ్ల వల్ల కాదు' అనేవాళ్లు, మేస్త్రీల వెనక ఆడవాళ్లే ఇటుకలు మోసే ఊళ్లో! ఇప్పటి చిన్న ఇన్వర్టర్ మిషన్ భుజాన తగిలించుకుని బస్సెక్కవచ్చు. ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. బరువు సాకు పోయింది. గుమ్మం దగ్గర ప్రశ్న మాత్రం పోలేదు.

ఉప్పల్‌లో ఒక ఇంటి గేటు కీలు విరిగిందంటే వెళ్లింది. ''మీ ఆయన రాలేదా?'' అందట ఆ ఇల్లాలు. ''నేనే చేస్తానమ్మా.'' అతుకు బాగానే కుదిరింది. డబ్బు దగ్గర మాత్రం 'కరెంటు మాదే కదా' అని సగం కోసింది. (ఆ ఇల్లాలు మనలో ఎవరమైనా కావచ్చు.) అప్పటినుంచి ప్లగ్గు పెట్టకముందే బేరం తేల్చుకుంటుంది: కొత్త గ్రిల్‌కు కిలో లెక్క, రిపేరుకు అతుకుల లెక్క, రాడ్లెవరివి, కరెంటెవరిది. మరుగుదొడ్డి ఒక్కటే ఏ బేరంలోనూ అడగలేకపోతోంది. అందుకని పనికి పోయే రోజు నీళ్లు తాగదు.

ఇక అప్పు. ముద్రా పథకం 2015లో వచ్చింది. శిశు రుణం 50,000 వరకూ పూచీకత్తు లేకుండా ఇవ్వాలి. బ్యాంకులో 'షాపెక్కడ?' అన్నారు. తిరిగే పనికి షాపెక్కడిది? 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరం ఉంది, వెల్డింగ్ పేరు లేదు. పైగా కుటుంబానికి ఒక్కరికే. మన ఇళ్లలో ఆ ఒక్కరు ఎవరవుతారో మీకు చెప్పక్కర్లేదు. చివరికి పొదుపు సంఘంలో కుట్టుమిషను పేరున అప్పు రాయించుకుని వెల్డింగ్ మిషను కొంది. కాగితాల్లో ఆమె ఇప్పటికీ దర్జీయే.

నల్లద్దం లేకుండా ఒక అతుకు వేస్తే కొన్ని గంటల తర్వాత, రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. జింకు పూత ఉన్న పైపు కాలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. నైలాన్ చీర మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఖాళీ డీజిల్ డ్రమ్ము కోసిమ్మని వచ్చేవాళ్లను ఆమె తిప్పి పంపేస్తుంది. లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి. వెల్డింగ్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ముందునుంచే ఆమె పనికి పోతుంది. ఆ కార్డు జీతగాళ్లకు. తనకు తానే యజమాని అయినామెకు లేదు.

పక్క బస్తీ అమ్మాయిలిద్దరు ఆమె దగ్గర పని నేర్చుకుంటామన్నారు. ఒకమ్మాయి తల్లి ఇంకా ఒప్పుకోలేదు. మనలో ఇద్దరు ముగ్గురం వెళ్లి మాట్లాడాలి. నల్లద్దాలు రెండు, చిన్న చేతులకు సరిపోయే తోలు గ్లౌజులు రెండు జతలు కావాలి. బజార్లో ఆమెకు దొరికినవన్నీ మగవాళ్ల కొలతలే. ఇవ్వగలిగినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.