పార్టీ ఒక వంక, పదవి ఒక వంక

స్విట్జర్లండులో ప్రధానమంత్రి అనే పదవి లేదు. ఏడుగురు సభ్యుల సమాఖ్య మండలియే ఆ దేశపు ప్రభుత్వము. పార్లమెంటు ఉభయసభల సభ్యులు 246 మంది ఒకచోట సమావేశమై, ఒక్కొక్క స్థానమునకు విడివిడిగా, రహస్యపు ఓటుతో మంత్రులను ఎన్నుకొనెదరు. పార్టీ నిలుపని వారిని కూడ ఎన్నుకొనవచ్చును. ఈ ఆచారము ఒక మహిళ జీవితమును ఎట్లు మలుపు త్రిప్పినదో శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆమె పేరు ఎవెలిన్ విడ్మర్-ష్లుంఫ్. 1956లో జన్మించినారు. స్విస్ స్త్రీలకు జాతీయ ఎన్నికలలో ఓటు హక్కు లభించిన 1971 ఫిబ్రవరి నాటికి ఆమె పదునాలుగేండ్ల బాలిక. తండ్రి లియోన్ ష్లుంఫ్ 1980 నుండి 1987 వరకు సమాఖ్య మంత్రి. కుమార్తె న్యాయశాస్త్రము చదివి, ఆల్ప్స్ పర్వతముల నడుమనున్న గ్రాబుండెన్ రాష్ట్ర ప్రభుత్వమునకు 1998లో ఎన్నికైనారు. అచ్చట రాష్ట్రమును కాంటన్ అందురు. ఆ కాంటన్ ప్రభుత్వమున తొలి మహిళ ఆమెయే. ఆర్థికశాఖను నిర్వహించినారు.

2007 డిసెంబరు 12న బెర్న్ నగరమున పార్లమెంటు సమావేశమైనది. ఆమె పార్టీయైన స్విస్ ప్రజాపక్షము, అప్పటి మంత్రి క్రిస్టోఫ్ బ్లోఖర్‌నే మరల నిలిపినది. ఆ అక్టోబరు ఎన్నికలలో అందరికంటె ఎక్కువ ఓట్లు పొందిన పార్టీ అదియే. అయినను రెండవ విడతలో ఆమెకు 125, బ్లోఖర్‌కు 115 ఓట్లు వచ్చినవి. ఆమె ఒక రాత్రి గడువు కోరి, మరునాడు పదవిని అంగీకరించినారు.

పార్టీ ఆగ్రహించి రాజీనామా కోరినది. ఆమె ఒప్పుకొనలేదు. ఆమెను బహిష్కరింపుమని గ్రాబుండెన్ శాఖను ఆదేశించినది. ఆ శాఖయు ఒప్పుకొనలేదు. తుదకు 2008 జూన్ 1న శాఖకు శాఖనే వెలివేసినది. వెలియైనవారు వేరొక పార్టీ స్థాపించుకొన్నారు.

పార్టీ వాదమును మేము తేలికగా త్రోసిపుచ్చము. తన ప్రతినిధి ఎవరో చెప్పుకొను హక్కు, అందరికంటె ఎక్కువ ఓట్లు పొందిన పక్షమునకు లేదా? కాని రాజ్యాంగము ఎన్నుకొను అధికారమును ఇచ్చినది పార్లమెంటుకు, పార్టీలకు కాదు. ఈ రెండు న్యాయముల నడుమ ఆమె తన పనినే సమాధానముగా చూపవలసివచ్చినది.

ఆ అవకాశము త్వరలోనే వచ్చినది. 2008లో ఆర్థికమంత్రి అస్వస్థులు కాగా, న్యాయమంత్రియైన ఆమెయే ఆ శాఖను కూడ చూచినారు. ఆ అక్టోబరులోనే, ప్రపంచ ఆర్థిక సంక్షోభమున చిక్కిన యు.బి.ఎస్. బ్యాంకును నిలుపుటకు ప్రభుత్వము 600 కోట్ల ఫ్రాంకులు సమకూర్చినది. 2010లో ఆమె ఆర్థికశాఖనే చేపట్టినారు. విదేశీయుల ఖాతాల గోప్యత సడలి, ఆ వివరములను వారివారి ప్రభుత్వములకు ఏటేటా అందించు ఏర్పాటునకు స్విట్జర్లండు ఒప్పుకొన్నది ఆమె కాలముననే. ఆ ఏర్పాటు ప్రకారమే 2019లో మన దేశమునకు స్విస్ ఖాతాల వివరములు తొలిసారి చేరినవి.

2012లో ఆమె ఒక సంవత్సరము దేశాధ్యక్షురాలు. 2015 ఎన్నికలలో పాత పార్టీ మరింత బలపడగా, మరల పోటీచేయనని అక్టోబరు 28న ప్రకటించి, సంవత్సరాంతమున తప్పుకొన్నారు. విడిచి వెళ్ళిన ఆ స్థానము పాత పార్టీకే చేరినది. ఆ నడుమ జరిగిన ఎనిమిదేండ్ల పని మాత్రము దేశమునకు మిగిలినది.