నాబోతు తోట, మన పట్టా



నాబోతు సంగతి 1 రాజులు 21వ అధ్యాయంలో చదివాం. అహాబు మొదట తోటను లాక్కోలేదు. వెల ఇస్తానన్నాడు, అంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకోలేదు. పితరుల స్వాస్థ్యం ముందు రాజు సైతం ఆగవలసి వచ్చింది. ఆ హద్దు దాటడానికే యెజెబెలు రాజముద్ర వేసిన తాకీదులు పంపి, అబద్ధ సాక్షులను నిలబెట్టింది.

మన దేశంలో ఆ హద్దు రాజ్యాంగంలోని 300ఎ అధికరణ. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. కానీ చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదన్న నియమం నిలిచింది. పరిహారం పారేస్తే చాలదని 2024 మేలో సుప్రీంకోర్టు కోల్‌కతా కార్పొరేషన్ కేసులో చెప్పింది. ముందుగా నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయించాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి.

మన చెన్నైలోనే చూడండి. పోయెస్ గార్డెన్‌లోని జయలలిత గారి ఇంటిని స్మారకం చేయాలని ప్రభుత్వం సేకరించింది. 2020లో దాదాపు 68 కోట్లు కోర్టులో జమ చేసింది. అయినా 2021 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ సేకరణను కొట్టేసింది. మెరీనాలో స్మారకం ఉండగా రెండోదానికి ప్రజా ప్రయోజనం ఏమిటని అడిగింది. ఇల్లు వారసుల చేతికి వచ్చింది.

వాళ్లకు లాయర్లున్నారు. పట్టా లేని కౌలురైతుకు, కూలికి ఎవరున్నారు? 2013 భూసేకరణ చట్టం వాళ్లనూ లెక్కలోకి తీసుకుంది. మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, ఆ జీవనాధారం కోల్పోయే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. అయితే తమిళనాడులో రహదారులకు, పరిశ్రమలకు వేరే రాష్ట్ర చట్టాలున్నాయి. 2021లో సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టింది. అందుకే నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూడాలి.

యౌవనులారా, ఇదీ పరిచర్యే. తెలుగు తప్ప మరో లిపి రాని మన పెద్దలు ఆ కాగితాన్ని ట్రంకుపెట్టెలో దాచేలోగా మీరు చదివి చెప్పండి. గడువులోగా అభ్యంతరం రాసిచ్చి రశీదు తీసుకోండి. జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకూ స్త్రీలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.

ఏలీయా ఆ తోటకు వచ్చేసరికే నాబోతు చనిపోయాడు. మన సంఘం నోటీసు వచ్చిన రోజే ఆ ఇంటికి వెళ్లాలి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.