బల్లమీది యుద్ధము - తరగతిలోని పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఆటవలన యుద్ధము పుట్టిన కథలు తెలుగువారికి క్రొత్తవి కావు. జూదములో రాజ్యము నోడిన ధర్మరాజు కథను పురాణకాలక్షేపములలో వినని గ్రామము లేదు. కోడిపందెములో ఓడి దేశాంతరగతులైన మలిదేవరాజాదుల కథయు, తుదకది కారెమపూడి రణరంగమునకు దారితీసిన వైనమును పలనాటిసీమలో నేటికిని పాడబడుచున్నవి. ఈనాటి ప్రసంగవిషయము దీనికి విపరీతమైనది. యుద్ధమునే ఆటగా మార్చి, ఆ ఆటను తరగతిగదిలో పాఠముగా నేర్పి, ఆ పాఠముచేత సముద్రమధ్యమున ప్రాణములు కాపాడిన చరిత్ర యిది. ఆట చెప్పిన నిజమును పెడచెవిని బెట్టి చెడినవారి చరిత్రయు ఇందులోనే కలదు.

ఈ విద్యకు మూలపురుషుని వెదకబోయిన భారతదేశమునకే రావలసియుండును. రథ గజ తురగ పదాతులను నాలుగంగములను గళ్లబల్లపై నడిపించిన చతురంగము ఇచ్చట పుట్టి, పారశీకమునకు పోయి, అరబ్బులద్వారా ఐరోపాకు చేరినది. 1780లో జర్మనీదేశపు బ్రన్స్విక్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు ఆ చదరంగమునే విస్తరింపజేసి, గళ్లలో నదులను, అడవులను, ఊళ్లను చూపి, ఫిరంగులను చేర్చి, సైనికవృత్తికి పోవు బాలురకు యుద్ధనీతి బోధించుటకై యొక క్రొత్త ఆటను ప్రకటించెను.

అయినను చదరంగమునకును నిజమైన యుద్ధమునకును రెండు పెద్ద భేదములు కలవు. చదరంగములో ఎదుటివాని బలగమంతయు కన్నులయెదుటనే యుండును. యుద్ధములో శత్రువు కొండచాటున నుండును. చదరంగములో గుఱ్ఱము బంటుపై పడిన బంటు చచ్చితీరును. యుద్ధములో పదిమంది నూరుగురను నిలువరించిన దినములును కలవు. ఈ రెండు లోపములను తీర్చినవాడు ప్రష్యా సైన్యములోని ఫిరంగిదళపు యువకుడగు లెఫ్టినెంటు రైస్విట్జ్. అతని తండ్రి 1812లోనే ప్రష్యా రాజునకు అట్టి ఆటబల్ల నొకదానిని చేయించి సమర్పించియుండెను. కుమారుడు 1824లో దానికి సమగ్రమైన నిబంధనలు వ్రాసి ప్రకటించెను.

ఆ నిబంధనలు ఎంతో సూక్ష్మబుద్ధితో కూడినవి. గళ్లబల్ల పోయి, ఎనిమిదివేలవ వంతు కొలతతో గీచిన దేశపటము వచ్చినది. ఎఱ్ఱపక్షము, నీలిపక్షము అని రెండు పక్షములు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. ఆ రెండు నిమిషములలో కాల్బలము ఎంత నడువగలదో, అశ్వములు ఎంత పరుగెత్తగలవో అంతకు మించి కదలరాదు. దెబ్బ తగిలినదా, ఎంత నష్టము కలిగినది అను విషయమును పాచికలు తేల్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇరుపక్షములకు నడుమ నొక తీర్పరి యుండును. ఆటగాండ్రు తమ ఆజ్ఞలను కాగితముపై వ్రాసి అతనికీయవలెను. ఎవరికి ఏది కనబడునో అంతమాత్రమే అతడు చూపును. ఈ యాటను చూచిన సేనాముఖ్యుడు మ్యుఫ్లింగ్, మొదట విసుగుతో కూర్చుండి, తుదకు ఇది ఆట కాదనియు, యుద్ధమునకు శిక్షణయే యనియు మెచ్చుకొనెనని చెప్పుదురు. దీనిని కల్పించిన రైస్విట్జ్ మాత్రము 1827లోనే అకాలమరణము నొందెను. 1870-71లో ఫ్రాన్సుపై ప్రష్యా గెలిచిన పిదప ఇతరదేశములవారు ఈ విద్యను శ్రద్ధతో అభ్యసింప మొదలిడిరి.

ఇది పూర్వరంగము. తరగతిగదిలోని ఆట ఎంతటి పని చేయగలదో స్పష్టముగా తెలిపిన ఘట్టము రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్టణమున జరిగినది.

బ్రిటనుకు తిండిగింజలు, నూనె, ఇనుము అట్లాంటిక్ సముద్రముమీదుగా రావలసియుండెను. వర్తకనౌకలు ఒంటరిగా పోయిన ప్రమాదమని పదులకొలది గుంపుగా చేరి, చుట్టును కొన్ని యుద్ధనౌకల కాపుతో ప్రయాణము చేయుచుండెను. జర్మనుల జలాంతర్గామి నౌకలు రాత్రివేళ ఆ గుంపులపై బడి టార్పెడోలతో ముంచుచుండెను. 1942వ సంవత్సరమున జలాంతర్గాములచేత మునిగిన నౌకలే వెయ్యికి పైగా నుండెను. అరుగులమీద పులిజూద మాడినవారికి ఈ స్థితి వెంటనే బోధపడగలదు. మేకలు అనేకములు, పులులు కొన్ని. అయితే ఈ సముద్రములో పులి కంటికి కనబడదు. మునిగిన నౌకలలోనివారు బ్రిటిషువారు మాత్రమే కారు. బ్రిటిషు వర్తకనౌకలలో వేలకొలది భారతీయ నావికులు బొగ్గుకొలిముల యొద్దను, పైతట్టుమీదను పనిచేయుచుండిరి. వారిలో తిరిగి ఇల్లు చేరనివారును వేలసంఖ్యలో నుండిరి.

1942 ఆరంభమున కమాండరు గిల్బర్ట్ రాబర్ట్స్ అను అధికారిని ఈ సమస్యను శోధించుటకై లివర్‌పూల్‌నకు పంపిరి. ఆయన క్షయరోగము కారణముగా నౌకాదళమునుండి విరమింపజేయబడినవాడు. సముద్రముమీదికి పోలేని ఆ మనుష్యునకు డెర్బీహౌస్ అను భవనపు పై యంతస్తులో గదులనిచ్చిరి. ఆయనకు సహాయముగా వచ్చినవారు నౌకాదళపు మహిళాశాఖకు చెందిన యువతులు. వారిలో పెక్కుమంది యిరువదియేండ్ల ప్రాయము వారు. ఓడ నడిపి యెరుగనివారు. జీన్ లెయిడ్లా, జానెట్ ఓకెల్ అనువారు వారిలో ముఖ్యులు.

ఆ గదిలో నేలయే సముద్రము. నేలమీద గళ్లు గీచిరి. పది అంగుళములు ఒక నౌకామైలునకు సమానము. చిన్నచిన్న కొయ్యబొమ్మలు ఓడలు. శిక్షణకు వచ్చిన అధికారులు గది చుట్టును కట్టిన గుడ్డతెరల వెనుక కూర్చుందురు. తెరలలోని సన్నని సందులగుండ చీకటి రాత్రి ఓడమీదినుండి ఎంత కనబడునో అంతయే నేల వారికి కనబడును. కాపునౌకల మార్గమును తెల్లసుద్దతో గీయుదురు; జలాంతర్గామి మార్గమును ఆకుపచ్చసుద్దతో గీయుదురు. తెరవెనుకనుండి చూచువానికి ఆ ఆకుపచ్చగీత నేలరంగులో కలిసిపోయి కనబడదు. ప్రతి యెత్తునకును రెండు నిమిషముల గడువు. అంతలో ఆజ్ఞ వ్రాసి ఈయవలెను. ఆ చీటీలను తీసికొని బొమ్మలను కదలించుట ఆ యువతుల పని.

రాబర్ట్స్ మొదట చేసిన పని క్రొత్తయాట కాదు; జరిగిపోయిన యుద్ధమును నేలమీద మరల నడిపించుట. 1941 డిసెంబరులో జిబ్రాల్టరునుండి బ్రిటనుకు వచ్చిన యొక నౌకాసమూహమునకు సంబంధించిన వృత్తాంతములను తెప్పించి, ఓడలను ఆనాటి స్థానములలో నిలిపిరి. గుంపు నడుమనున్న యొక నౌక టార్పెడో తగిలి మునిగియుండెను. శత్రువు గుంపునకు వెలుపల దూరమున నిలిచి కొట్టుచున్నాడని అందరును నమ్మియుండిరి. కావున దెబ్బ తగిలినంతనే కాపునౌకలు వెలుపలివైపునకు పరుగెత్తి వెదకుచుండెను. వెలుపలినుండి కొట్టిన ఆ నడిమి యోడకు దెబ్బ యెట్లు తగిలినది? ఈ ప్రశ్నతో వారు బొమ్మలను మరల మరల కదలించి చూచిరి. తుదకు ఒక్క సమాధానమే నిలిచినది. జలాంతర్గామి రాత్రివేళ నీటిపై తేలి, వెనుకనుండి గుంపులోనికే జొరబడి, వరుసల నడుమ నిలిచి కొట్టుచున్నది. పిమ్మట నీటిలో మునిగి, ఓడలు తనపైగా దాటిపోవువరకు ఊరకుండి, వెనుకనుండి జారిపోవుచున్నది. కాపువారు బయట వెదకుచుండగా దొంగ ఇంటిలోనే యుండెను!

దీనినిబట్టి క్రొత్తపద్ధతి నొకదానిని రూపొందించిరి. దెబ్బ తగిలినంతనే కాపునౌకలు వెలుపలికి పోక, గుంపు వెనుకభాగమునకు మరలి క్రమముగా గాలింపవలెను. జీన్ లెయిడ్లా దీనికి 'రాస్ప్‌బెరీ' అని పేరు పెట్టెను. అది యొక పండు పేరు. ఆంగ్లేయులకది నోటితో చేయు వెక్కిరింత శబ్దమునకును పేరు. ఆ వెక్కిరింత హిట్లరునకు. మొదట ఈ బొమ్మలాటను శంకించిన పశ్చిమసముద్రసేనాపతి అడ్మిరల్ నోబుల్, ప్రదర్శనను కన్నులార చూచి తన సంశయమును విడిచెను.

అటుపిమ్మట ఆ గది పాఠశాల యయ్యెను. సముద్రమునుండి వచ్చిన నౌకాధికారులు ఒక వారముపాటు అచ్చట చదువుకొని మరల సముద్రమునకు పోవుచుండిరి. 1945లో మూతపడువరకు సుమారు అయిదువేలమంది అచ్చట శిక్షణ నొందిరి. గడ్డములు పెంచి తుపానులలో రాటుదేలిన ఆ నావికులకు, సముద్రము నెరుగని యువతులు తెరప్రక్కన నిలిచి మెల్లగా సూచనలు చెప్పుచుండెడివారు. మొదట నవ్వినవారు రెండవదినమున నవ్వలేదు.

1942 నవంబరులో నోబుల్ స్థానమున వచ్చిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ గురించి యొక ముచ్చట చెప్పుదురు. ఆయన మొదటి ప్రపంచయుద్ధములో పేరుగాంచిన జలాంతర్గామి నాయకుడు. ఒకనాడు ఆయనయే ఆటలో జలాంతర్గామి పక్షము వహించెను. కాపునౌకల పక్షమున జానెట్ ఓకెల్ నిలిచెను. అయిదు పర్యాయములు ఆడగా అయిదు పర్యాయములును ఆయన ఓడిపోయెను. ఆయన కోపించెనట; కాని ఆ పాఠశాలను మూయింపలేదు. పెద్దవారి పెద్దతనము ఓడకుండుటలో కాక, ఓటమిని సహించుటలో తెలియును.

1943 మేనెలలో జర్మనులు నలుబదికి పైగా జలాంతర్గాములను కోల్పోయి, ఉత్తర అట్లాంటిక్‌నుండి వెనుకకు తీసికొనిరి. ఈ విజయము ఒక్క యాటవలననే కలిగెనని చెప్పుట సత్యము కాదు. రాడారు యంత్రములు, దూరప్రయాణము చేయు విమానములు, శత్రువుల రహస్యలిపిని విప్పిన పండితులు, అందరును పాలుపంచుకొనిరి. కాని యంత్రములున్నను వాటిని ఎప్పుడు ఎట్లు వాడవలెనో తెలిసిన మనుష్యులు కావలెను. అట్టివారిని తయారుచేసినది ఆ నేలమీది సుద్దగీతలు.

ఇక రెండవ చరిత్ర. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. కోస్తాప్రజలు మూటలు కట్టుకొని లోపలి గ్రామములకు తరలిపోయిన ఆ దినములను తెలుగు కుటుంబములు తరతరములు చెప్పుకొన్నవి. అప్పటికి జపాను నౌకాదళమునకు ఓటమి యననేమో తెలియదు. మరుసటి నెల ఆరంభమున, యమాటో అను మహానౌకపై, ఆ దళపు నాయకులు పసిఫిక్ సముద్రములోని మిడ్‌వే ద్వీపముపై తలపెట్టిన దాడిని బల్లమీద ఆడి చూచిరి. తీర్పరులకు అధిపతి అడ్మిరల్ ఉగాకి. దాడిని తలపెట్టిన దళాధిపతి సలహాధికారులలో ముఖ్యుడును ఆయనయే.

ఆటలో అమెరికా విమానములు జపాను విమానవాహకనౌకలపై పడెను. పాచికలు వేసి లెక్కచూడగా తొమ్మిది దెబ్బలు తగిలి, అకాగి, కాగా అను రెండు నౌకలు మునిగినట్లు తేలెను. ఉగాకి అందులకు సమ్మతింపక దెబ్బలను మూడుగా తగ్గించెను. అకాగికి స్వల్పనష్టము మాత్రమే యనియు, కాగా మాత్రమే మునిగెననియు తీర్పు చెప్పెను. ఆ మునిగిన కాగాయు తరువాతి యాటలో మరల తేలివచ్చెను! ఈ వృత్తాంతమును జపాను వైమానిక నాయకుడు ఫుచిదా యుద్ధానంతరము తన గ్రంథములో తెలిపెను. 1942 జూన్ 4న నిజముగా యుద్ధము జరిగినప్పుడు అకాగి, కాగా, సోర్యు, హిర్యు అను నాలుగు నౌకలును దెబ్బతిని నశించెను. సముద్రమున మునిగినవానిని తిరిగి తేల్చుటకు ఏ తీర్పరికిని శక్తి లేదు.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన, ఆటలోని గుణదోషములు తేటపడును. లివర్‌పూల్‌లో ఆట ఒక ప్రశ్నతో మొదలయ్యెను. జవాబు ఏది వచ్చినను అంగీకరింతుమను బుద్ధి అచ్చట నుండెను. యమాటోపై జవాబు ముందే నిశ్చయింపబడెను. ఆట దానికి సాక్ష్యము పలుకుటకు మాత్రమే పిలువబడెను. బల్ల యొకటే, పాచికలు ఒకటే. తీర్పరి నిజాయితీలోనే భేదము. పరీక్షలో తప్పు వ్రాసిన కుమారుని పత్రమును తానే దిద్ది మార్కులు వేసుకొనిన తండ్రికిని, ఆ సేనానికిని వ్యత్యాసము లేదు.

మరియొక మాటయు చెప్పవలసియున్నది. బల్లమీద కొయ్యముక్కను ప్రక్కకు తీసివేయుట సులభము. ఆ ముక్క వెనుక నూరు కుటుంబములున్నవి. ఆట ఎంత నేర్పినను ఆకలిని, భయమును, తల్లుల దుఃఖమును చూపజాలదు. కావున యుద్ధక్రీడ నేర్చినవారు యుద్ధమును తేలికయని తలచిన ఆ విద్య వ్యర్థమే. లివర్‌పూల్ యువతులకు ఈ సంగతి బాగుగా తెలియును. వారమంతయు తమ యెదుట సుద్దగీతలలో ఆడిన అధికారులు మరుసటి వారము అట్లాంటిక్‌పై నుండెడివారు; కొందరు తిరిగి రాలేదు.

యుద్ధముతో సంబంధము లేని గ్రామములకు ఈ విద్యతో పనియేమని కొందరు అడుగవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. అట్టి విపత్తులను ఎదుర్కొనుటకు నేడు ప్రభుత్వశాఖలవారు పటములముందు కూర్చుండి, తుపాను వచ్చినట్లే భావించి, ఎవరు ఏమి చేయవలెనో ముందుగా ఆడి చూచుకొనుచున్నారు. ఇది రైస్విట్జ్ ఆటకు మునిమనుమరాలే. పల్లెపాఠశాలలోను ఇది సాధ్యమే. నేలమీద సుద్దతో ఊరిపటము గీయవచ్చును. చెరువుకట్ట ఎక్కడ, పల్లము ఎక్కడ, మిద్దెయిల్లు ఎవరిది, నడవలేని ముసలివారు ఏ యింట నున్నారు అని పిల్లలచేత గుర్తింపజేయవచ్చును. ఉపాధ్యాయుడు వరదపక్షము వహించి, రాత్రి రెండుగంటలకు కట్ట తెగినదని చెప్పి, రెండు నిమిషముల గడువీయవచ్చును. మొదటి యాటలో సగము ఊరు మునిగిపోవును. అదియే మంచిది, మునిగినది సుద్దతో గీచిన ఊరు. ఎచ్చట పొరబడితిరో పిల్లలే చెప్పుదురు. రెండవ యాటలో అంత మునుగదు.

గ్రంథాలయమునకును ఈ యాటకును బంధుత్వము కలదు. ఇతరులు ప్రాణములు పెట్టి నేర్చుకొనిన పాఠములు ఈ బీరువాలలో ఊరక లభించుచున్నవి. ఇరువదియైదు సంవత్సరములుగా చందాదారులు ఒక్కొక్క పుస్తకమునే చేర్చి నిలిపిన ఈ యింటిలో, చదువుకొనువారు ప్రశ్నించుటకును, తమ తప్పును తామే ఒప్పుకొనుటకును వెరవకుందురుగాక! సాయంకాలము ఈ అరుగుమీద చదరంగ మాడు బాలురును, తెరవెనుకనుండి అడ్మిరలును ఓడించిన ఆ యువతివలె, పెద్దలను గెలిచి పెద్దల మెప్పు పొందుదురుగాక!

స్వస్తి.