పొరుగు బంధం మార్లవాయిని చూసి నేర్చుకుందాం



జనవరి 11 అంటే జైనూర్ మండలం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ గారిని పంపింది. ఆయన, భార్య ఎలిజబెత్ గారు మార్లవాయిలో గుడిసె వేసుకుని మనవాళ్ల మధ్యే ఉన్నారు. మన భాష నేర్చుకున్నారు. 1943లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. ఎన్నో కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి.

ఇదంతా మీరు చదివే ఉంటారు. నేను చెప్పదలచింది ఆ తరువాతి సంగతి. వాళ్లు ఊరు విడిచి దశాబ్దాలు గడిచాక, 1987 జనవరి 11న ఎలిజబెత్ గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయి మట్టిలోనే ఖననం చేశారు. 1995లో ఆయన లండన్‌లో చనిపోయారు. తరువాత ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకే చేరాయి. రక్తసంబంధం లేదు, గోత్రం కలవదు. ఒకప్పుడు పక్క గుడిసెలో ఉన్న మనుషులు. అయినా ఊరు ఏటా ఆ సమాధుల దగ్గర చేరి దండం పెడుతోంది.

మా హాస్టల్లో సెలవు చీటీ రాసేటప్పుడు చనిపోయినవారు ఏమవుతారో రాయాలి. కొందరు పిల్లలు 'పక్కింటి అవ్వ' అని రాసి, పంపుతానో లేదో అని నా మొహం చూస్తారు. ఆ అవ్వ చేతి జొన్న గట్క తిని పెరిగిన పిల్ల వెళ్లకపోతే ఇంకెవరు వెళ్లాలి?

మీలో చాలామంది చదువుకో, కొలువుకో ఊరు దాటారు. పాత పొరుగింటి చావు కబురు వాట్సాప్‌లో వస్తుంది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నాం. వీలుంటే వెళ్లండి. వీలుకాకపోతే ఫోన్ చేయండి. ఏం మాట్లాడాలో తెలియదని ఆగిపోకండి. పోయిన మనిషిని వరసపెట్టి తలచుకోండి. ఆ మనిషి మీకు చేసిన ఒక్క మేలు చెప్పండి. అది ఇంటివాళ్లకు తెలియని సంగతైతే మరీ మంచిది. ఎలా పోయారని గుచ్చి గుచ్చి అడగొద్దు. కట్టెలు, నీళ్లు, వచ్చినవాళ్లకు బియ్యం, ఏది తక్కువైతే అది చూడండి. జనం వెళ్లిపోయాకే ఆ ఇల్లు బోసిపోతుంది. నెల తరువాత మళ్లీ ఒకసారి పోయి పలకరించండి.

మనల్ని ఎత్తుకుని తిప్పిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆ ఇళ్ల దారి మీరు మరిచిపోతే, మన గూడేల్లో పక్కపక్కన ఇళ్లుంటాయి గానీ పొరుగు ఉండదు.

సెలవు. జై ఆదివాసీ.